బొత్తాలు పెట్టిన మనిషి

హార్ట్‌ఫర్డ్ వెళ్లే రోడ్డు పక్కన మోటెల్ గదిలో, పట్టపగలు, వెండెల్ గుండె పట్టుకుని మంచం మీంచి జారిపోయాడు.

"వెండెల్! లే! ఆటలొద్దు!" అంది నోరీన్.

ఆట కాదని తెలిసేసరికి కోటు చంకలో పెట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, తలుపు బార్లా వదిలేసి, ఎటూ చూడకుండా బస్టాపు వైపు పరుగెత్తింది.

ఆమె అతని ఆఫీసులో టైపిస్టు. ఆమెకి భర్త ఉన్నాడు. వెండెల్‌కి భార్య ఇర్మా ఉంది, కాలేజీలో చదివే కూతురుంది. నలభై ఏడో ఏట అద్దం ముందు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడే అలవాటు మాత్రం కొత్తగా వచ్చింది.

తెరిచిన తలుపులోంచి ఒక బక్కపల్చటి మనిషి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి కాసేపు చూశాడు.

"చచ్చిపోతున్నావా?"

వెండెల్ కళ్లతోనే బతిమాలాడు.

ఆ మనిషి మోకాళ్ల మీద కూర్చుని అతనికి ప్యాంటు తొడిగాడు. చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే పెట్టాడు. బల్ల మీదున్న పెళ్లి ఉంగరం తీసి వేలికెక్కించాడు. భుజాన వేసుకుని కారు దాకా మోశాడు. ముందు సీటు మీదున్న వేట తుపాకీని వెనక్కి విసిరి, అక్కడ కూర్చోబెట్టాడు.

"మా ఆవిడకి..." గొణిగాడు వెండెల్.

"నోర్మూసుకుని ఊపిరి పీల్చు."

ఇర్మా ఏడుస్తూ ఆసుపత్రికి వచ్చింది.

"పెట్రోలు బంకు దగ్గర పడిపోయాడమ్మా. నేనూ అక్కడే ఉన్నాను," అన్నాడు ఆ మనిషి.

"ఒక్కడే ఉన్నాడా?"

"ఒక్కడే."

"మీ పేరైనా చెప్పండి. ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి."

"పేరెందుకులెండి," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

వెండెల్ బతికాడు. సిగరెట్లు డాక్టరు మాన్పించాడు. నోరీన్‌ని తనే మానేశాడు. ఆఫీసులో ఎదురైతే ఇద్దరూ తలలు దించుకునేవారు.

"ఆ మహానుభావుణ్ణి వెతికావా?" అని ఇర్మా ఊరికే అడిగేది.

"వెతుకుతున్నా."

వెతకలేదు. కనబడితే ఏ మొహం పెట్టుకుని పలకరించాలి?

చలికాలంలో నోరీన్ భర్త పోయాడు. మంచులో లారీ జారి అతని కారుని గుద్దింది. ఆఫీసంతా చివరిచూపుకి బయల్దేరింది. వెళ్లకపోతే బాగోదని వెండెల్ కూడా ఇర్మాని వెంటబెట్టుకుని వెళ్లాడు.

మూత తీసిన శవపేటిక పక్కన, నల్ల గౌనులో నోరీన్ నిలబడి ఉంది.

ఇర్మా ముందు వెళ్లి, వంగి చూసి, కెవ్వుమంది.

"అయ్యో, ఈయన మీ ఆయనా! మా వెండెల్ ప్రాణం నిలబెట్టింది ఈయనేనమ్మా! అక్టోబరులో, పెట్రోలు బంకు దగ్గర! నీకు చెప్పనేలేదా?"

వెండెల్ పేటిక దాకా వెళ్లలేదు. వెళ్లక్కర్లేకపోయింది.

నోరీన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లేదండీ," అంది, వెండెల్ వైపే చూస్తూ. "ఆ సాయంత్రం నాకు వేడిగా సూప్ కాచి ఇచ్చాడు... ఎందుకలా వణుకుతున్నావని కూడా అడగలేదు."