వేంపల్లె జెర్సీ

"వీని నోట్లో మన్ను పడ! సూడండప్పా, వేంపల్లె జెర్సీ ఏసుకున్యాడు!"

వీరభద్ర కోపంగా ఫోను అందరి వైపూ తిప్పాడు. బేతంచెర్లలో నాపరాళ్ళకు పాలిష్ పట్టేవాళ్ళు పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్బుకు అతనే పెద్ద. ఇంకాసేపట్లో వేంపల్లెతో ఫైనల్. కుర్రాళ్ళు బూట్ల లేసులు బిగించుకుంటుండగా దక్షిణ సూడాన్ నుంచి ఫోటో వచ్చి పడింది. అక్కడ శాంతిసేనలో ఉన్న తమ క్లబ్బు ఆటగాడు, సిపాయి ఈరేష్, నెత్తిన నీలం టోపీ, ఒంటిమీద వేంపల్లె వాళ్ళ పసుపు జెర్సీ, పైగా ఇకిలింపు!

"అదే పటాలంలో వేంపల్లె రాజశేఖర్ ఉండాడు కదా, వానిది అడిగి ఏసుకున్యాడంట. ఎందుకురా అంటే, ఆట అయినాక చెప్తా అంటాండాడు" అన్నాడు గోల్‌కీపర్ రామాంజి.

"అయినాక చెప్తాడా! ఎవరు గెలుస్తారో సూసి, వాళ్ళ పక్కన చేరతాడేమో!"

వీరభద్రకు కడుపు మండిపోయింది. మండదా మరి? సెలవు మీద వస్తే రైలు దిగి ఇంటికి కూడా పోకుండా గ్రౌండుకొచ్చేవాడు ఈరేష్. వాడు ఆడిన ఫైనళ్ళన్నీ ఓడినా, మిగతావాళ్ళు విసిగి మానుకున్నా, వాడు మాత్రం క్లబ్బును వదల్లేదు. పోయినేడు ఆ పరాయి దేశంలోనే మన ఎర్ర జెర్సీ తొడుక్కుని, ఫోన్లో ఆట చూసి, ఓడిపోయామని అన్నం మానేశాడట. అలాంటివాడు ఈ పని చేస్తే తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం కాక ఇంకేమిటి?

పటాలానికి పోయినవాడి జెర్సీ ఆ క్లబ్బులో ఇంకొకరికి ఇవ్వరు. ఆటరోజు గ్రౌండు పక్కన కట్టెకు తగిలిస్తారు. వాడూ ఆడుతున్నట్టే లెక్క. వీరభద్ర ఆ తొమ్మిదో నంబరు జెర్సీని పీకి తెచ్చి, ఆట చూడ్డానికొచ్చిన ఈరేష్ తల్లి సుంకమ్మ ఒడిలో పడేశాడు.

"తీస్కపో అక్కా. ఈ పొద్దుతో నీ కొడుక్కూ మాకూ చెల్లు."

"నా కొడుకు అట్లాంటోడు కాదు వీరభద్రా. వాన్ని ఒక్క మాట అడగరాదా?"

"ఏం అడిగేది? కండ్లతో సూస్తాండా కదా!"

అందరూ చూస్తుండగా సుంకమ్మ తల వంచుకుని ఆ జెర్సీ మడత పెట్టుకుంది.

ఆట మొదలైంది. వేంపల్లె వాళ్ళకు ఆ రోజు ఏదీ కలిసిరాలేదు. గోల్లోకి పోవాల్సిన బంతులు స్తంభానికి తగిలి వెనక్కొచ్చాయి. ఆఖర్న వాళ్ళ ఆటగాడే కాలు జారి సొంత గోల్లోకి తన్నుకున్నాడు. ఎన్నేళ్ళకో కప్పు మళ్ళీ బేతంచెర్లకు వచ్చింది!

డప్పులు మోగుతుంటే వీరభద్ర ఫోను తీశాడు. వాణ్ణి నాలుగు తిట్టందే గెలుపు కూడా రుచించేట్టు లేదు.

"సూసినావారా? నువ్వు ఏసుకున్న జెర్సీ మన్ను కరిసింది!"

"గెలిచినామా మామా!" అవతల ఈరేష్ సంతోషంతో అరిచాడు.

"గెలిచినామా అంటావేందిరా? నువ్వెవడివి మాకు? మీ యమ్మ తల ఎత్తుకోలేక కూసోనుండాది ఈడ. ఎందుకు ఏసుకున్యావు దాన్ని? చెప్పు!"

ఈరేష్ మెల్లగా అడిగాడు.

"నేను ఏసుకున్న జెర్సీ ఏ పొద్దన్నా గెలిచిందా మామా?"