గడప దాటే సీను

“గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతా!”

స్టేజీ మీద అమ్మ ఇలా గర్జించగానే కూతురు ఆమె కాళ్ళ మీద పడి భోరుమనాలి. తెర పడాలి. నాటకంలో తల్లీకూతుళ్ళూ వీళ్ళే, నిజం తల్లీకూతుళ్ళూ వీళ్ళే. నాటకం రాసింది అమ్మ, ఆడించేది అమ్మ, అదరగొట్టేది అమ్మ. కూతురి వాటాకి మిగిలింది ఏడుపు. అమ్మ రంగంలోకి దిగిందంటే ఎదుటివాళ్ళ రంగు వెలిసిపోవాల్సిందే.

పొద్దున రిహార్సల్లో కూతురు అడిగి చూసింది. “ఒక్కసారి ఎదురు తిరగనివ్వమ్మా. నాకూ ఓ మాట ఉండనీ.”

“మాట నాది, మూలుగు నీది. పోయి చీర మార్చుకో.”

ఆ మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. సాయంత్రం ఆటలో అమ్మ గర్జించినా కూతురు కాళ్ళ మీద పడలేదు. విసవిసా వెళ్ళి తలుపు తీసింది, గడప దాటింది, ధడేలుమని వేసింది. అట్టగోడలు ఊగిపోయాయి. హాలంతా ఈలలు, చప్పట్లు!

మేకప్ గదిలోకి అమ్మ తుఫానులా వచ్చిపడింది.

“వేషం వెయ్యవే అంటే వేషాలు వేస్తావా? ఎవర్నడిగి వెళ్ళావ్?”

“అడిగితే పంపవుగా!”

అమ్మ చెయ్యెత్తింది. బయట చప్పట్లు ఇంకా ఆగలేదు. ఎత్తిన చెయ్యి మెల్లగా కొప్పు సర్దుకుంది.

“సరే. రేపట్నుంచి రోజూ ఇలాగే తిరగబడు. కాకపోతే నేను కనుసైగ చేశాకే కదలాలి. తలుపు నెమ్మదిగా వెయ్యి.”

“తిరగబడ్డం కూడా నువ్వు చెప్పినట్టేనా?”

“మరి? ఇక్కడ దర్శకురాలెవరు?”

మర్నాటికి కబురు ఊరంతా పాకింది. కూతురు గడప దాటే సీను కోసం హాలు కిటకిటలాడిపోయింది. అమ్మ గర్జించింది. కనుసైగ చేసింది.

కూతురు లేచింది. తాపీగా నడిచివెళ్ళి, స్టేజీ నడుమ అమ్మ ఒక్కతే కూర్చునే పెద్ద కుర్చీలో కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుంది.

“వెళ్ళి చావవే!” పళ్ళ బిగువున గొణిగింది అమ్మ. “జనం చూస్తున్నారు. ఎవరో ఒకరు గడప దాటితే గానీ తెర పడదు!”

కూతురు చిట్టచివరి వరసకి కూడా వినబడేలా గొంతెత్తింది.

“నా ఇంట్లోంచి నేనెక్కడికీ పోను. నువ్వు బయల్దేరమ్మా!”