మావయ్యగారి తుపాకీ

“నా పెరోహీల గిన్నె మీద ఆ కట్టె ఏంటి?” అంది లెస్యా, వంటింటి గుమ్మంలో నిలబడి.

“కట్టె కాదు. తుపాకీ గొట్టం కింద తొడిగే చెక్క. కాస్త వంకర పోయింది. ఆవిరి తగిలితే దారికొస్తుంది,” అన్నాడు ఒరెస్ట్ తల ఎత్తకుండా.

“రాత్రికి నేను అందులోనే వండాలి.”

“ఆవిరేగా, కడిగిస్తాలే.”

ఆ రాత్రి పెరోహీలు, ఆ ఉడికించిన ఉక్రెయిన్ కజ్జికాయలు, వాల్‌నట్ చెక్క వాసన వేశాయి. లెస్యా అవే తినేసింది. ఇదంతా తన తండ్రి కోసమేనని ఆమెకు తెలుసు.

కెనడాలో, సస్కాచ్వాన్ గోధుమ పొలాల మధ్య ఉన్న ఆ చిన్న ఊరికి ఒరెస్ట్ ఒక్కడే పళ్ల డాక్టరు. ఊళ్లో అందరి నోళ్లూ అతనికి తెలుసు, మావగారి నోరు తప్ప. వాసిల్ అల్లుడి ముందు నోరు తెరిచేది దెప్పడానికే.

“పొద్దస్తమానం ఎవడి నోట్లోనో వేళ్లు పెట్టుకు కూచోవడం మగాడి పనేనా?” అని పెళ్లిరోజునే అన్నాడు. మనవలు పెద్దవాళ్లయినా ఆ మాట మారలేదు. పేరు పెట్టి పిలిచింది కూడా లేదు. “ఏం పళ్లాయనా” అనేవాడు, అంతే.

ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో స్నైపర్ అని ఊరంతా చెప్పుకునేది. ఎక్కడో పొదలో నక్కి, ఒక్క గుండుతో మనిషిని పడగొట్టే రకమన్నమాట. ఆయన ఇంట్లో టీవీ పైన ఒక పాత లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీ వేలాడేది. యుద్ధం అయిపోయాక సైన్యం అమ్మేసినవాటిలో కొన్నది. అప్పట్లో అందరూ చేసినట్టే ఆయనా దాని చెక్కను సగానికి కోసి, బరువు తగ్గించి, దుప్పుల వేటకు వాడుకున్నాడు. తొంభయ్యో పుట్టినరోజు నాటికి దాన్ని అచ్చం స్నైపర్ తుపాకీలా తయారుచేసి ఆయన చేతిలో పెట్టాలని ఒరెస్ట్ పట్టుదల. అప్పుడైనా పేరు పెట్టి పిలుస్తాడని ఆశ. తుప్పు వదిలించి ఇస్తామని చెప్పి లెస్యా దాన్ని గోడ మీంచి దించుకొచ్చింది.

పాత తుపాకుల సామాను పోగేసుకునే నెస్టర్ దగ్గరికి వెళ్లాడు ఒరెస్ట్.

“స్నైపర్ తుపాకీకి ఉండే అసలు దుర్భిణి ఇప్పుడు దొరకదు. నకలు తెప్పిస్తా,” అన్నాడు నెస్టర్. “దాన్ని బిగించడానికి తుపాకీ ఎడమ పక్కన చిల్లులు వెయ్యాలి.”

“వేస్తాను. నా బతుకంతా చిల్లులే కదా.”

“ఇది పన్ను కాదు, ఉక్కు. నేను వేస్తా. చెంప ఆనించుకునే దిమ్మ మాత్రం నువ్వే చెక్కుకో.”

ఒరెస్ట్ చెక్కాడు. ఆస్పత్రి గదిలో, ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య, పళ్లు అరగదీసే పనిముట్టుతో చెక్కాడు. అవిసె నూనె పట్టించి పట్టించి మెరిపించాడు.

“డాక్టర్‌గారూ, మీ చేతుల దగ్గర అదేదో నూనె వాసన,” అంది పోస్టాఫీసులో పనిచేసే ముసలమ్మ, కుర్చీలో పడుకునే.

“చిగుళ్లకి మంచిదండీ,” అన్నాడు కంగారులో.

వారం తిరక్కుండా ఆవిడ ఆ నూనె సీసా కావాలని వచ్చి కూర్చుంది.

దిమ్మ సరైన ఎత్తులో ఉందో లేదో తెలియక మావగారిని కదిపి చూశాడు. “మావయ్యా, యుద్ధంలో పని చేసేటప్పుడు మీరెలా ఉండేవారు?”

ముసలాయన కిటికీలోంచి మంచు చూస్తూ చెప్పాడు. “ఊపిరి బిగబట్టి. చెయ్యి వణక్కూడదు. తొందర అసలే పనికిరాదు.”

“ఎంతమంది ఉంటారు?”

“ఎవడు లెక్కపెట్టాడు? ఆ కళ్లు మాత్రం మర్చిపోలేను. అరుపులు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తాయి. ఇంకేం అడక్కు, పళ్లాయనా.”

ఇంటికొచ్చి ఈ మాట చెబితే లెస్యా కళ్లు తుడుచుకుంది.

“పాపం నాన్న. ఇవ్వొద్దేమో ఒరెస్ట్. అవన్నీ గుర్తొస్తాయేమో.”

“గుర్తుకు రానీ. గుండెలో పెట్టుకుని ఎన్నాళ్లు కుమిలిపోతాడు?”

పుట్టినరోజు మాజీ సైనికుల హాల్లో జరిగింది. ఊరు ఊరంతా వచ్చింది. కేకు కోశాక ఒరెస్ట్ పొడవాటి పెట్టె తెచ్చి మావగారి ఒళ్లో పెట్టి మూత తీశాడు. పేలకుండా బోల్టు తీసేసిన తుపాకీ దీపాల కింద మిలమిల్లాడింది. గొట్టం చివరిదాకా కొత్త చెక్క, ఇత్తడి పట్టీలు, దుర్భిణి, చెంపదిమ్మ, అన్నీ ఉన్నాయి. అందరూ మెడలు చాచారు.

ముసలాయన దాన్ని ఎత్తి భుజానికి ఆనించుకున్నాడు. దిమ్మ మీద చెంప పెట్టి దుర్భిణిలోంచి చూశాడు. గొట్టం కేకు మీంచి ఊగుతూ వెళ్లి మేయరు మీద ఆగింది. మేయరు మర్యాదగా పక్కకు జరిగాడు. ముసలాయన తుపాకీ ఒళ్లోకి దించాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి. ఒక మాజీ సైనికుడు లేచి సెల్యూట్ కొట్టాడు. తర్వాత అందరూ లేచారు.

“ఒరెస్ట్,” అన్నాడు ముసలాయన.

ఒరెస్ట్ చేతిలోని పెట్టె మూత వదిలేశాడు. ఆయన కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూచుని, “చెప్పండి మావయ్యా” అన్నాడు.

“దగ్గరకి రా. వీళ్లెవరికీ వినబడకూడదు.” ముసలాయన అల్లుడి చెవిలోకి వంగాడు. “స్నైపర్నని మీ అత్తే ఊరంతా టముకు వేసింది. నేను కాదనలేకపోయా. ఇంత కష్టపడ్డావ్, నీకు చెప్పకపోతే పాపం.”

“మరి యుద్ధంలో మీరు చేసిందేంటి?”

ముసలాయన చుట్టూ చూసి, గొంతు ఇంకా తగ్గించాడు.

“సైన్యంలో నా చేతికిచ్చింది పళ్లు పీకే పటకారు.”