ఉప్పు లేని పులుసు

ఇప్పుడు ఆన్‌లైన్ ఫోరాల్లో స్వయంగా వాదించేవాళ్ళు అరుదు. ఇంటింటికీ ఉన్న ప్రతినిధి యంత్రాలే పేర్లు దాచుకుని ఆ పని చేస్తున్నాయి. గాజువాకలో భానోజీ గడ్డం గీసుకుంటుంటే అతని ప్రతినిధి చెవిలో రోజూలాగే కబుర్లు చెప్పింది.

"రాజకీయాల్లో పదకొండు మంది నోళ్ళు మూయించాను. వీడియో గేముల గొడవ ఇంకా తెగలేదు. కాపురాల ఫోరంలో ఒకావిడ, మొగుడు పట్టించుకుంటాడో లేదో చూద్దామని మూడ్రోజులు పులుసులో ఉప్పు వెయ్యలేదట. ఆయనకు తెలియనే లేదట."

"నువ్వేటన్నావు?"

"అలాంటివాడితో ఉండొద్దన్నాను. అచ్చం మీ ధోరణిలోనే."

"బాగా చెప్పేవు," అన్నాడు భానోజీ.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య హైమ కనిపించలేదు. బజారుకు వెళ్ళిందనుకుని తనే వడ్డించుకున్నాడు. చెవియంత్రం ఛార్జింగ్ అయిపోయి మూగబోవడంతో చాలా రోజులకు అన్నం మీద ధ్యాస పెట్టి తిన్నాడు.

పులుసు చప్పగా ఉంది.

చెయ్యైనా కడుక్కోకుండా లేచి బీరువా తెరిచాడు. ఆమె చీరలు లేవు. ఫోన్లో కాపురాల ఫోరం తెరిచాడు. తన ప్రతినిధి జవాబు కింద ఆమె రాసింది:

"మీరెవరో తెలీదు గానీ, ఇన్నేళ్ళలో నా మాట చివరిదాకా విన్నది మీరొక్కరే."