నేల కింద చెమ్మ

“చిన్నల్లుడి గ్యారేజీ నేల చూసుకుంటూ తల దువ్వుకోవచ్చు!”

మామగారు ఆ మాట అన్నది భోజనాల బల్ల దగ్గర, అందరి ముందూ. పెద్దల్లుడికి ముద్ద గొంతుకు అడ్డం పడింది.

అక్కడితో ఆగారా ఆయన?

“నా మోకాళ్లు మొండికేస్తున్నాయి. ఈ నెలతో నడపడం ఆపేస్తా. ఆదివారం వచ్చి చూసి, ఎవరి గ్యారేజీ బాగుంటే వాళ్ల దగ్గర పెడతా నా కారు.”

ముప్పై ఏళ్ల నీలం కారు. అత్తారింటికి వెళ్లినప్పుడల్లా దాన్ని కడిగింది ఎవరు? తుడిచింది ఎవరు? పెద్దల్లుడు! నిన్నగాక మొన్న వచ్చినవాడు దాన్ని ఎగరేసుకుపోతాడా?

కుళ్లు అంటే కుళ్లే. ఆ సాయంత్రం పనిగట్టుకుని తోడల్లుడి వీధిలోంచి నడిచాడు. గ్యారేజీ తలుపు తీసే ఉంది. పైనున్న దీపం నేలలోనూ వెలుగుతోంది. ఇంటికొచ్చి తన గ్యారేజీ చూసుకుంటే బూడిదరంగు గచ్చు, మధ్యలో నూనె మరక.

“మనదీ మెరవాలి. వాడిదానికన్నా మెరవాలి,” అన్నాడు భార్యతో.

“కారుకి నీడ కావాలి గానీ అద్దమెందుకండీ?”

“అవున్లే, మీ మరిదిని వెనకేసుకురావడం నీకు అలవాటేగా!”

అప్పటికప్పుడు రంగుల కొట్టుకెళ్లి వాకబు చేసి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర ఒక ముసలాయన. మోచేతుల దాకా మడిచిన చొక్కా, చంకలో సంచీ.

“గ్యారేజీ నేలకి పూత వేయిస్తారటగా బాబూ. చూసి రమ్మన్నారు.”

ఎవరు రమ్మన్నారని పెద్దల్లుడు అడగలేదు. కొట్టువాడే పంపాడనుకున్నాడు.

ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని గచ్చును అరచేత్తో తడిమాడు. సంచీలోంచి మూరెడు ప్లాస్టిక్ కాగితం తీసి నేల మీద పరిచాడు. నాలుగంచులకీ టేపు అంటించాడు.

“దీన్ని కదపకండి. రేపొస్తా.”

మర్నాటికి కాగితం అడుగున నీటిబొట్లు.

“కింద నుంచి చెమ్మ వస్తోంది బాబూ. మెరిసే పూత వేస్తే పొరలా లేచిపోతుంది. గచ్చులోకి ఇంకిపోయే రకం ఒకటుంది, అది వేద్దాం. మెరవదు గానీ నిలుస్తుంది.”

మెరవదు! ఆ ఒక్క ముక్కే పెద్దల్లుడి చెవిన పడింది.

“మా తోడల్లుడి నేల అద్దంలా ఉంటుంది. అలాంటిది నీ జన్మలో చూశావా?”

“చూశా బాబూ. దాని కింద చెమ్మ లేదు.”

“అంటే? వాడిది గొప్ప నేలా, నాది పనికిమాలినదా?”

“నేలకి గొప్పేముంది? దేని తత్వం దానిది.”

పెద్దల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“నాటకాలాడకు! మెరిసే పూత వేయడం చేతకాక, నిన్న కాగితం కింద నువ్వే నీళ్లు చల్లి పోయుంటావ్!”

ముసలాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో దోపుకున్నాడు. గోడ పట్టుకుని లేచాడు. ఇంటావిడ మంచినీళ్లు తాగి వెళ్లమన్నా ఆగలేదు.

కొట్టువాడి మనుషులు రెండు రోజుల్లో పని ముగించారు. అబ్బ, ఏం మెరుపు! పెద్దల్లుడు చెప్పులు విప్పి మరీ లోపలికి వెళ్లాడు. వంగి మొహం చూసుకున్నాడు. ఎవరూ లేకుండా చూసి తల కూడా దువ్వుకున్నాడు.

ఆదివారం మామగారు కారు తెచ్చి నేరుగా గ్యారేజీలో ఆపారు.

“భేష్ అల్లుడూ! వాడిదాన్ని మించిపోయింది!”

ఆ మాట కోసం ఎన్నేళ్లు కాచుకున్నాడో! కాఫీ తాగుతున్నంతసేపూ పెద్దల్లుడు విరిచిన ఛాతీ దించలేదు.

“కాస్త గోడవారగా పెడదాం,” అంటూ మామగారు కారు వెనక్కి తీశారు.

చర్రుమంది.

వేడి టైర్లకి అతుక్కుని పూత చాపలా లేచి వచ్చింది. దాని కింద గచ్చు తడితడిగా ఉంది.

మామగారు దిగి, టైర్లకు అంటిన పెచ్చులు గోటితో గీకారు.

“దీనికి తడి పడదు అల్లుడూ. తుప్పు పట్టిపోతుంది.”

కారు చిన్నల్లుడి ఇంటికి వెళ్లిపోయింది.

వారం తర్వాత పెద్దల్లుడు పరువు చంపుకుని తోడల్లుడి గడప తొక్కాడు. గ్యారేజీలో నీలం కారు, నేలలో ఇంకో నీలం కారు. చూడలేక తల తిప్పుకున్నాడు.

“ఈ నేల వేసిందెవరు తమ్ముడూ? ఇప్పుడైనా దాచుకోకుండా చెప్పు.”

చిన్నల్లుడు నోరు తెరిచేలోపే, గూట్లో ఒకటి కంటబడింది. నాలుగు మడతల ప్లాస్టిక్ కాగితం. అంచులకి ఇంకా టేపు ఉంది. దాని మీద అరిగిపోయిన తాపీ.

“ఇది... ఇక్కడికెలా వచ్చింది?”

“మీ ఇంటి నుంచి వచ్చిన రోజే అన్నీ నాకిచ్చేసి, కూతురి ఊరికి వెళ్లిపోయాడు అన్నయ్యా. ఇక పనిముట్లు ముట్టుకోనన్నాడు. ఏమైందని ఎంత అడిగినా, ‘మీ అన్నగారికి వేరే రకం నచ్చింది’ అన్నాడంతే.”

పెద్దల్లుడు తాపీ పక్కకి జరిపి కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

“వదినగారు చెప్పారు, మీరు నేలకి పూత వేయిస్తున్నారనీ, ఆ కారంటే మీకు ప్రాణమనీ. అది మీ దగ్గరే ఉండాలని, ఈ నేల వేసి పని మానుకున్న మనిషిని నేనే బతిమాలి మీ ఇంటికి పంపా అన్నయ్యా. నా పేరెత్తితే మీరు గేటు కూడా తియ్యరని, చెప్పొద్దన్నదీ నేనే.”