యాభై కంపెనీల గంప

"ఖాయం చేసినారు! ఆర్డరు వచ్చినాది!" అంటూ మౌనేశ్ ఫోన్ పైకెత్తి నడింట్లో గిరగిరా తిరిగాడు.

కుడతిని కరెంటు ప్లాంటులో ఇన్నాళ్లూ కాంట్రాక్టు మీద పనిచేసినవాడు. పెళ్లయి రెండు నెలలైనా నిండని అక్షత వంటింట్లోంచి పరుగున వచ్చి అతని నోట్లో చెంచాడు చక్కెర పోసింది. సగం నోట్లో, సగం చొక్కా మీద. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

నవ్వుతూనే అక్షత చెవి పెరటి వైపు తిరిగింది. అక్కడ అత్త పక్కీరమ్మ ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఈరేశా, ఆర్డరు వచ్చినాది. ఈ పొద్దే రా. స్కీము సంగతి నువ్వే ఎత్తు. నేను చెప్పినానని మాత్రం అనద్దు."

అక్షత చేతిలో చెంచా ఆగిపోయింది. కొడుకు ఇంట్లోనే ఉంటే తమ్ముడికి ఈ చాటుమాటు కబురెందుకు?

సాయంత్రానికి ఈరేశ్ దిగనే దిగాడు. ఉగ్గాని మీద మిరపకాయ బజ్జీ పెట్టుకుని, రెండు ముద్దలు తిన్నాక విషయంలోకి వచ్చాడు.

"అల్లుడా, ఇంక నెలకు పదివేలు నా చేతిలో పెట్టు. హొస్పేటలో మా సార్ స్కీము. నూటికి మూడు, నెలనెలా వడ్డీ. ఏ బ్యాంకోడన్నా ఇస్తాడేంది యాడన్నా?"

మౌనేశ్ మొహం వెలిగింది. వెంటనే భార్య వైపు చూసి ఆరిపోయింది. ఉద్యోగం ఖాయమైన నెల నుంచే ఇండెక్స్ ఫండ్‌లో వేద్దామని ఇద్దరూ అనుకున్నారు. ఏ ఫండ్ అనేది ఎంచే పని బీకాం చదివిన అక్షతది. పెళ్లిచీర ఎంచుకున్నప్పుడు కూడా ఆమె ఇంత మురిసిపోలేదు. వారమంతా చూసి చూసి రెండింటి దగ్గర ఆగింది. ఆ పొద్దునే ఒకటి తేల్చుకుంది.

"మేము వేరేది అనుకున్నాము చిన్నాయనా."

"ఏందమ్మా అది?"

"దేశంలో పెద్ద కంపెనీలు యాభై. అన్నిట్లోనూ మనకు ఇంతింత భాగం. ఇరవై ఏండ్లు కదిలించకూడదు."

"యాభైలో యాది మంచిదో ఎవురు ఏరేది?"

"ఎవురూ ఏరరు. చిన్నదైపోయిన కంపెనీ బయటికి పోతాది, పెరిగినది లోపలికి వస్తాది. ఏరే మనిషికి జీతం ఇచ్చే పని లేదు కాబట్టే ఖర్చు తక్కువ. నేను చూసిన రెండు ఫండ్లలోనూ అవే యాభై. ఒకరు వెయ్యికి ఏడాదికి రెండు రూపాయలు పట్టుకుంటారు, ఇంకొకరు నాలుగు. అట్లాంటప్పుడు నాలుగు ఎందుకియ్యాల?"

ఈరేశ్ పొలమారేటట్టు నవ్వాడు. "రెండు రూపాయలకు వెయ్యి రూపాయలు కాసేవాడిని నమ్ముతావా తల్లీ? అక్కా, చూసినావా నీ కోడలి తెలివి? పుచ్చువీ మంచివీ కలిపి గంపకు గంపే కొంటాదంట!"

పక్కీరమ్మ నవ్వలేదు. కోడలిని గుచ్చి చూసింది.

"ఆ గంప ధర పడదా?"

పడదు అంటే గెలవొచ్చు. అయినా అక్షత ఉన్నది ఉన్నట్టే చెప్పింది. "పడతాది అత్తా. ఒక్కో ఏడు మూడో వంతు పోయినట్టు కూడా కనపడతాది. అందుకే ఇరవై ఏండ్లు అనింది."

"విన్నావా!" ఈరేశ్ తొడ చరిచాడు. "మాది ఒక్క నెల కూడా పడలే."

"నా అనుమానం కూడా దాని మీదే చిన్నాయనా. పత్తి ధరే ఈ వారం ఉన్నట్టు వచ్చే వారం ఉండదు. మీ సార్ ఏం యాపారం చేసి నెలనెలా మూడు తెస్తాండాడు?"

"పెద్దోళ్ల యాపారం. మనకు తెలిసేది కాదులే."

"మామ సుమ్నె, ఊరికే ఏదీ చెప్పడు అక్షతా," అన్నాడు మౌనేశ్, నేల చూస్తూ.

అక్షతకు కళ్లు మండాయి. అక్కా తమ్ముడూ కూడబలుక్కునే వచ్చారు. మనుషుల్ని చేర్చినందుకు ఈరేశ్‌కు వచ్చే కమీషన్‌లో అత్తకూ వాటా ఉందేమో! పొద్దున పెరట్లో విన్న మాట ఇప్పుడే బయట పెట్టేద్దామా అని పెదవి దాకా వచ్చింది. కొత్త కోడలు, మింగేసింది.

పక్కీరమ్మ మళ్లీ అడిగింది. "నడుమన అక్కరొచ్చి ఆ గంపలోనుంచి దుడ్డు కావాలంటే, ఎవురి కాళ్లు పట్టుకోవాల?"

"ఎవురి కాళ్లూ అక్కర్లా అత్తా. ఫోన్‌లో నొక్కితే మూడు నాలుగు రోజుల్లో మన ఖాతాకు వస్తాది. ఆ పొద్దు ధర ఎంతుంటే అంత. వేసిన దానికన్నా తక్కువ కూడా రావచ్చు."

పక్కీరమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "మీ స్కీములో అయితే ఎట్లప్పా?"

ఈరేశ్ ఛాతీ విరుచుకున్నాడు. "ఆ మాటే రాలే అక్కా! ఇంతమంది వేసినారు, ఇన్నేండ్లాయె. వడ్డీ తీసుకుంటాండారు, పోతాండారు. అసలు దుడ్డు వెనక్కి ఇయ్యమని ఒక్కరన్నా అడగలే. అంత నమ్మకం మా సార్ అంటే!"

"ఇంకేం కావాల?" అన్నాడు మౌనేశ్. "మొదటి నెలది ఇప్పుడే పంపిస్తా మామా." బొటనవేలు ఫోన్ మీదికి పోయింది.

అక్షత కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి ఆ ఫోన్ తన ఒళ్లో ఉంది. కొడుకు చేతిలోంచి లాగి అక్కడ పడేసిన పక్కీరమ్మ, కొంగు నడుముకు దోపుకుంటూ తమ్ముడితో అంది:

"చదువుకున్న కోడలి ముందర నీ స్కీము సంగతి తేలాలనే నిన్ను పిలిచినా. రేపు మొదటి బస్సుకు నువ్వూ నేనూ హొస్పేటకు పోతాండాము ఈరేశా. ఇంట్లో ఎవురికీ చెప్పకుండా నీ చేతికిచ్చిన నా మిరప పంట దుడ్డు ఉండాది గదా, అసలు వెనక్కి అడిగే మొదటి మనిషిని నేనే అయితా."