వ్యాన్‌లో ఫ్యాను

"ఫ్యాను బంద్ చెయ్యకుండ దిగింది నువ్వే," అంది బుచ్చమ్మ.

"నేను దిగినప్పుడు నువ్వింక పండుకొనే ఉంటివి గద అత్తమ్మా," అంది సక్కుబాయి. "ఆఖరుకు దిగినోళ్లే ఆపాలె."

"ఏడో నెల కడుపుతోని ఉన్నవని ఊకుంటున్న."

బుచ్చమ్మ కొడుకు వైకుంఠం వ్యాన్ తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి మూలిగి ఊరుకుంది. టూరు కాగితాల కోసం పొద్దున కంపెనీకి వెళ్లి వచ్చేలోపే బ్యాటరీ అయిపోయింది. ఇది మూడోసారి.

అది మందుల కంపెనీ ప్రచారపు వ్యాన్. వెనక పడక, స్టవ్వు, మైకు సెట్టు, చిన్న ఫ్యాను ఉన్నాయి. నెలకు ఇరవై రోజులు పల్లెలు తిరిగే వైకుంఠానికి అదే ఇల్లు. ఇంజనుకూ మిగతా అన్నింటికీ కలిపి ఒకటే పాత బ్యాటరీ. బండి ఆగి ఉన్నప్పుడు ఫ్యాను గంటకు మించి తిరగకూడదని ఇద్దరికీ ఎన్నోసార్లు చెప్పాడు. ఎండలకు వాళ్లుండే ఉప్పుగూడలో కరెంటు నిలిచేది కాదు. కరెంటు పోగానే అత్తాకోడళ్లు వాకిట్లో ఉన్న వ్యాన్ ఎక్కేవారు. కడుపుతో ఉన్న మనిషి ఉక్కకు అల్లాడుతుంటే వ్యాన్‌కు తాళం వేయడానికి అతనికి మనసొప్పలేదు.

రెండేళ్ల కిందట తొలి కాన్పప్పుడు అతను ఆదిలాబాదు దిక్కు టూరులో ఉన్నాడు. బుచ్చమ్మ ఒక్కతే వేళకు ఆస్పత్రి చేర్చలేక బిడ్డ దక్కలేదు. ఈసారి ఇంటిపట్టున ఉండమని సక్కుబాయి అడిగింది. బుచ్చమ్మా అడిగింది. టూరు బత్తా లేకుంటే ఇల్లెట్లా గడుస్తుందని ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాడు.

బ్యాటరీ ఊడదీసి, రిక్షాలో పెట్టుకుని మలక్‌పేటలో ఛార్జింగు దుకాణానికి తీసుకెళ్లాడు. రేపు రమ్మన్నారు. టూరుకు మళ్లీ ఒకరోజు ఆలస్యం. అతను తిరిగొచ్చేసరికి ఇంట్లో లొల్లి ఇంకా నడుస్తూనే ఉంది. ఇప్పుడది పెళ్లినాటి సంగతుల దాకా పోయింది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. పప్పులో ఉప్పు ఎవరు ఎక్కువేశారన్న దగ్గర మళ్లీ మొదలైంది. వైకుంఠం ముద్ద కంచంలో పెట్టేశాడు.

"రేపట్నుంచి నేను టూరుకు పోను. పత్తర్‌గట్టిల మా కంపెనీ గోదాములో పని అడిగిన, మేనేజరు సరే అన్నడు. బత్తా పోతే పోయింది."

సక్కుబాయి నీళ్ల చెంబు అతని ముందుకు జరిపింది.

"నేనున్నప్పుడే మీరు గిట్ల కొట్లాడుతుంటే, లేనప్పుడు ఎట్లుంటదో. మిమ్ముల ఇద్దర్ని ఒక్కతాన ఇడిసిపెట్టి యాడికని పోవాలె?"

బుచ్చమ్మ కోడలి కంచంలో మరో గంటెడు పప్పు వేసింది.

అతను ఊళ్లో లేని రోజుల్లో ఆ అత్తాకోడళ్లు ఒక్కసారైనా పోట్లాడుకోలేదు.